బంతి పట్టే చేతికి వెల ఎంత?

2024 జనవరిలో మా అబ్బాయి దగ్గరకు మినియాపొలిస్ వెళ్ళాను. ఆరు నెలలు ఉండి వచ్చాను. వెళ్ళినప్పుడు కిటికీ బయట మంచు తప్ప మరేమీ కనిపించలేదు. వాకిట్లోకి అడుగు పెట్టాలంటే మూడు చొక్కాలూ ఒక కోటూ వేసుకోవాలి. పగలంతా నేనూ, సాయంత్రం బడి నుంచి వచ్చాక నా మనవడూ, ఇంట్లో మా ఇద్దరికీ కాలక్షేపం ఒకటే: టీవీలో ఫుట్‌బాల్.

ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన కాలిబంతి కాదు. అమెరికావాళ్ళు కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని ఆడే ఆట. నూరు గజాల మైదానం, జట్టుకు పదకొండుగురు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళ పరం. బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. మైదానం అంచున నిలబడి, సైగ రాగానే పరుగు తీసి, వెంటపడినవాణ్ణి తప్పించుకుని గాల్లో బంతిని అందుకునేవాడు వైడ్ రిసీవర్. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మా మనవడికి ఆ రిసీవర్లంటే ప్రాణం.

ఫిబ్రవరిలో ఆట ముగిసింది. ఇక కాలక్షేపం పోయిందనుకున్నాను. వాడు ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. "తాతా, అసలు ఆట ఇప్పుడే మొదలవుతుంది. మార్చిలో ఫ్రీ ఏజెన్సీ. ఎవడికి ఎంత ఇస్తారో ముందే చెప్పాలి" అన్నాడు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా బీమా ఉద్యోగం చేసినవాణ్ణి. కాలిపోయిన గోడౌనుకూ, బోల్తా కొట్టిన లారీకీ, చచ్చిపోయిన గేదెకూ వెల కట్టి సంతకం పెట్టిన చెయ్యి ఇది. మనిషి పరుగుకు వెల కట్టడం మాత్రం కొత్త. సరే చూద్దామని కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను.

సంత ఎలా ఏర్పడింది

ఒకప్పుడు ఆ దేశంలో ఆటగాడికి జట్టు మారే స్వేచ్ఛ దాదాపు లేదు. ఒప్పందం ముగిసినా, కొత్త జట్టు పాత జట్టుకు పరిహారం చెల్లించాలన్న నిబంధన ఉండేది. ఎవడు చెల్లిస్తాడు? ఆటగాడు ఉన్నచోటే పడి ఉండేవాడు. జాన్ మాకీ అనే ఆటగాడు కోర్టుకెక్కి 1976లో ఆ నిబంధనను కొట్టివేయించాడు. అయినా యజమానులు వేరే దారులు వెతికారు. మరికొన్ని కేసులు నడిచాక 1993లో గాని అసలైన ఫ్రీ ఏజెన్సీ రాలేదు. ఇప్పుడు నాలుగు సీజన్లు పూర్తి చేసి ఒప్పందం ముగిసిన ఆటగాడు మార్చి నెలలో ఎవరితోనైనా బేరం కుదుర్చుకోవచ్చు.

యజమానులు దానికి బదులుగా ఒక కట్ట వేసుకున్నారు. దాన్ని శాలరీ క్యాప్ అంటారు. ఒక్కో జట్టు ఏడాదికి ఆటగాళ్ళ మీద ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు. ముప్పై రెండు జట్లకూ ఒకటే లెక్క. మొదటి ఏడాది 1994లో ఆ మొత్తం 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2024లో 25 కోట్ల 54 లక్షలు. ఆదాయం పెరిగే కొద్దీ కట్ట ఎత్తు పెరుగుతుంది. కరోనా వల్ల 2021లో మాత్రం తగ్గి 18 కోట్ల 25 లక్షలయింది.

కాబట్టి ఆటగాడి వెల డాలర్లలో చూస్తే మోసపోతాం. సంచిలో ఎన్నో వంతు అని చూడాలి. నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. మన ఇళ్ళల్లోనూ అంతే కదా. "మా నాన్నకు నూటయాభై రూపాయల జీతం" అని చెప్పుకుంటాం. ఆ రోజుల్లో బియ్యం ధర ఎంతో చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు.

మేము ఎంచుకున్న మనిషి

ఆ ఏడు సంతలో మేము వెల కట్టడానికి ఎంచుకున్నవాడు కాల్విన్ రిడ్లీ. 1994 డిసెంబరులో పుట్టాడు. అంటే సంతకు వచ్చేనాటికి 29 ఏళ్ళు దాటాయి. 2018లో అట్లాంటా జట్టులో చేరి 2020లో 1,374 గజాలు సాధించాడు. రిసీవరుకు ఏడాదికి వెయ్యి గజాలంటే మన పిల్లలకు ఫస్టుక్లాసు వచ్చినట్టు. 2021లో అయిదు ఆటలు ఆడి, మనసు బాగాలేదని తప్పుకున్నాడు. ఆ విరామంలో ఫుట్‌బాల్ ఆటల మీద పందెం కాశాడని 2022 సీజను మొత్తం సస్పెండ్ చేశారు. ఆ మధ్యలోనే జాక్సన్‌విల్ జట్టు అతన్ని తీసుకుంది. 2023లో తిరిగొచ్చి పదిహేడు ఆటలూ ఆడి, 76 బంతులు పట్టి, 1,016 గజాలు సాధించాడు.

పందెం కాసి ఏడాది పోగొట్టుకున్నవాడి మీద మనం డబ్బు పందెం కాయడం బాగుండదని మా మనవడితో అన్నాను. ఓడినవాళ్ళు నెల రోజులు రాత్రిపూట గిన్నెలు కడగాలని కోడలు తీర్పు చెప్పింది.

వెల కట్టే పద్ధతి

మొదట వాడు చేసిన పని. గజాలు ఎన్నని చూడడం సులువు. కానీ అతని వైపు ఎన్ని బంతులు విసిరారు? 2023లో రిడ్లీ వైపు 136 బంతులు వచ్చాయి. అన్ని అవకాశాలు వస్తే వెయ్యి గజాలు ఎవరికైనా రావచ్చు. అందుకే పరుగు తీసిన ఒక్కోసారికి సగటున ఎన్ని గజాలు అని లెక్క కడతారు. ఈ మధ్య ఆటగాళ్ళ భుజకవచాల్లో చిన్న చిప్పులు పెడుతున్నారు. బంతి చేతికందే క్షణాన వెంటపడినవాడు ఎన్ని గజాల దూరంలో ఉన్నాడో కూడా తెలిసిపోతుంది.

రెండోది, పక్కన ఎవరున్నారు? ఇక్కడ నాకు మా నాయన గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు ఆయన ఘాటి సుబ్రహ్మణ్యం పశువుల జాతరలో ఒంటి ఎద్దును కొన్నాడు. మా దాపటి ఎద్దు చచ్చిపోతే దానికి బదులుగా. మంచి ఒడ్డూ పొడుగూ, సుడులు లక్షణంగా ఉన్నాయి. దళారి తువ్వాలు కింద వేళ్ళు పట్టి బేరం కుదిర్చాడు. ఇంటికి తెచ్చి కాడి కడితే అది అడుగు వేయదు. తర్వాత తెలిసింది, పాత ఇంట్లో దాని జత ఎద్దు ముందుకు లాగుతుంటే ఇది వెంట నడిచేదట. మేము కొన్నది సగం జతను, వెల కట్టింది మొత్తం జత పనికి.

ఈ కథ చెబితే మా మనవడు ఎగిరి గంతేశాడు. "తాతా, అది ఆల్విన్ హార్పర్!" అన్నాడు. హార్పర్ డాలస్ జట్టులో ఆడేవాడు. అవతలి అంచున మైకేల్ ఇర్విన్ అనే మహా ఆటగాడు, బంతి విసిరేవాడు ట్రాయ్ ఎయిక్‌మన్. ఎదుటివాళ్ళందరూ ఇర్విన్ మీద కన్నేసి ఉంచితే హార్పర్ ఖాళీగా దొరికేవాడు. 1994లో 33 బంతులే పట్టి 821 గజాలు సాధించాడు. 1995లో టాంపా బే జట్టు నాలుగేళ్ళకు కోటి డాలర్లకు పైగా ఇచ్చి తీసుకుపోయింది. అక్కడ ఇర్విన్ లేడు, ఎయిక్‌మన్ లేడు. రెండేళ్ళలో ఆ కథ ముగిసింది. మా నాయన ఎద్దుకు అమెరికాలో ఒక అన్న ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది.

మూడోది వయసు, దెబ్బలు. ఎద్దుకు పళ్ళు చూస్తాం, వీళ్ళకు పుట్టినతేదీ చూస్తారు. రిసీవరుకు ముప్పై దాటితే కాళ్ళలో వేగం తగ్గుతుందని అందరి నమ్మకం. జెర్రీ రైస్ లాంటివాళ్ళు వేరు. ఆయన 2001లో 38 ఏళ్ళకు జట్టు మారి, 2002లో 1,211 గజాలు సాధించాడు. కానీ రైస్‌ను చూసి అందరికీ వెల కట్టకూడదు. శతాయుష్కుణ్ణి చూసి బీమా ప్రీమియం నిర్ణయించినట్టవుతుంది.

నాలుగోది పోలిక. ఇలాంటివాడు ఇంతకు ముందు ఎంతకు పోయాడు? మేము ఇద్దర్ని తీసుకున్నాం. 2021లో కెనీ గాలడే న్యూయార్క్ జెయింట్స్‌కు నాలుగేళ్ళకు 7 కోట్ల 20 లక్షలకు వెళ్ళాడు. 2022లో క్రిస్టియన్ కర్క్ జాక్సన్‌విల్‌కు సరిగ్గా అంతకే వెళ్ళాడు. ఇద్దరికీ ఏడాదికి కోటీ 80 లక్షలు. కానీ సంచులు వేరు. గాలడే వాటా ఆ ఏటి క్యాప్‌లో నూటికి 9.9, కర్క్ వాటా నూటికి 8.6. ఆ వాటాలను 2024 సంచికి వర్తింపజేస్తే కర్క్ లెక్కన 2 కోట్ల 20 లక్షలు, గాలడే లెక్కన 2 కోట్ల 52 లక్షలు వస్తుంది. మధ్యస్థంగా 2 కోట్ల 36 లక్షలు.

నేను పాత అలవాటు కొద్దీ తరుగుదల తీశాను. 29 ఏళ్ళు, రెండేళ్ళు దాదాపు పోయాయి, పైగా సస్పెన్షన్ మచ్చ. కోటీ 95 లక్షలని రాశాను. మా మనవడు ఏమీ తీయలేదు. 2 కోట్ల 40 లక్షలని రాసి పెన్ను మూసేశాడు.

సంతలో ఎంతమంది ఉన్నారు?

మార్చి 13న ఫలితం తెలిసింది. రిడ్లీని టెనెసీ టైటన్స్ నాలుగేళ్ళకు 9 కోట్ల 20 లక్షలకు తీసుకుంది. ఏడాదికి 2 కోట్ల 30 లక్షలు. క్యాప్‌లో నూటికి సరిగ్గా తొమ్మిది. నెల రోజుల గిన్నెలు నా పాలబడ్డాయి.

నా లెక్కలో తప్పెక్కడ? వస్తువును చూశాను గాని సంతను చూడలేదు. ఆ ఏడు రిడ్లీ కంటే మెరుగైనవాళ్ళు అసలు సంతకే రాలేదు. మైక్ ఎవన్స్ ముందే రెండేళ్ళకు 5 కోట్ల 20 లక్షల దాకా అందేలా పాత జట్టుతోనే కుదుర్చుకున్నాడు. టీ హిగ్గిన్స్, మైకేల్ పిట్‌మన్‌లను వాళ్ళ జట్లు ఫ్రాంచైజ్ ట్యాగ్ అనే అస్త్రంతో కట్టేశాయి. ఆ ట్యాగ్ వేస్తే ఒక ఏడాదికి నిర్ణీత వేతనం ఇచ్చి ఆటగాణ్ణి ఆపుకోవచ్చు. 2024లో రిసీవరుకు అది 2 కోట్ల 18 లక్షలు. అగ్రశ్రేణివాళ్ళు ఇంట్లోనే ఉండిపోతే రెండో వరుసవాడు సంతకు రాజు. ఫ్రీ ఏజెన్సీలో సాధారణంగా జరిగేది ఇదే. అతని మీద అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్న జట్టే కొంటుంది. అందరికంటే ఎక్కువ ఆశపడినవాడు తప్పు చేసే అవకాశం కూడా ఎక్కువే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త ఏడాది మొదలయ్యేలోపు రిడ్లీతో మళ్ళీ ఒప్పందం చేసుకుంటే జాక్సన్‌విల్ అట్లాంటాకు మూడో రౌండుకు బదులు రెండో రౌండు ఎంపిక హక్కు ఇచ్చుకోవాలి. అందుకని ఆగారు. ఆగినంతలో టెనెసీవాళ్ళు తువ్వాలు కింద చెయ్యి పెట్టేశారు.

అతని బదులు ఎవరు?

వెల వేరు, విలువ వేరు. విలువ తెలియాలంటే అతను లేకపోతే ఆ పని ఎవరు చేస్తారని అడగాలి. కాలేజీల నుంచి వచ్చే కుర్రవాళ్ళను జట్లు వరుసక్రమంలో ఎంచుకుంటాయి. వాళ్ళ మొదటి నాలుగేళ్ళ వేతనం 2011 నుంచి ఒక పట్టిక ప్రకారం కట్టుబడి ఉంది. మినసోటా జట్టు 2020లో స్టెఫాన్ డిగ్స్‌ను బఫెలోకు పంపి, ప్రతిఫలంగా వచ్చిన హక్కుతో జస్టిన్ జెఫర్సన్ అనే కుర్రవాణ్ణి తెచ్చుకుంది. డిగ్స్ ఆ ఏడు 1,535 గజాలతో అందరిలో మొదటివాడు. జెఫర్సన్ తొలి ఏడే 1,400 గజాలు సాధించాడు. రెండు ఇళ్ళకూ లాభమైన సంబంధాలు అరుదుగా కుదురుతాయి, ఇది అందులో ఒకటి.

జాక్సన్‌విల్ కూడా 2024లో రిడ్లీ స్థానంలోకి బ్రయన్ థామస్ అనే కుర్రవాణ్ణి తీసుకుంది. అతని నాలుగేళ్ళ వేతనం మొత్తం కలిపినా రిడ్లీ ఒక్క ఏడాది సగటుకు తక్కువే. ఆ సీజనులో అతను 1,282 గజాలు సాధించాడు. రిడ్లీ 1,017. అంటే కిందటి ఏటికంటే ఒక్క గజం ఎక్కువ. ఇచ్చిన డబ్బుకు రిడ్లీ అన్యాయమేమీ చేయలేదు. కానీ పదిహేడు ఆటల్లో టెనెసీ గెలిచింది మూడే. జాక్సన్‌విల్ గెలిచింది నాలుగు. అంచున నిలబడినవాడు ఎంత బాగా పరిగెత్తినా, బంతి విసిరేవాడూ అతన్ని కాచేవాళ్ళూ సరిగ్గా లేకపోతే ఇంతే.

దీనికి అవతలి కొస కాన్సాస్ సిటీ. 2022లో టైరీక్ హిల్ అనే మెరుపులాంటి రిసీవరును మయామీకి ఇచ్చేసింది. మయామీ అతనికి పొడిగింపుగా నాలుగేళ్ళకు 12 కోట్లు రాసిచ్చింది. 2023లో హిల్ 1,799 గజాలతో అందరినీ మించాడు. అతను లేని కాన్సాస్ సిటీ 2023, 2024 ఫిబ్రవరుల్లో వరుసగా రెండుసార్లు సూపర్ బౌల్ గెలిచింది.

గ్యారంటీ కాలమ్

మా మనవడి నోటుబుక్కులో చివరి గడి గ్యారంటీ. నేను దాన్ని మొదట పట్టించుకోలేదు. పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వేసే 9 కోట్ల 20 లక్షల్లో రిడ్లీకి ఖాయమైనది 5 కోట్లు. మిగిలింది జట్టు అతన్ని ఉంచుకుంటేనే. ఆ ఆటలో జట్టు ఎప్పుడైనా ఒప్పందం తెంచుకోవచ్చు, గ్యారంటీ ఉన్న భాగం తప్ప.

గాలడే కథ చూడండి. 2019లో డిట్రాయిట్‌కు ఆడి 11 టచ్‌డౌన్లతో రిసీవర్లలో మొదటివాడు. 2020లో తుంటి దెబ్బతో అయిదు ఆటలే ఆడాడు. అయినా జెయింట్స్ 7 కోట్ల 20 లక్షలు రాసింది. మొదటి ఏడు 521 గజాలు, రెండో ఏడు 81. రెండేళ్ళలో ఒకే ఒక్క టచ్‌డౌన్. 2023 మార్చిలో పంపించేశారు. కానీ ఖాయమైన 4 కోట్లు అతనివే. అభిమానులు తిట్టుకున్నారు. నాకు మాత్రం అతని మీద కోపం రాలేదు. దెబ్బతిన్న శరీరానికి బీమా పత్రం లాంటిది ఆ గ్యారంటీ. లారీ యజమానికి ఉన్నది ఆటగాడికి ఎందుకు ఉండకూడదు?

ఈ గడి మా ఇంట్లో కూడా పనికొచ్చింది. ఆ రోజుల్లోనే మా అబ్బాయికి ఒక చిన్న కంపెనీ నుంచి ఉద్యోగం వచ్చింది. ఇప్పటి జీతం మీద పాతిక శాతం ఎక్కువ. నలభై అయిదేళ్ళ వయసులో తనను కోరి పిలిచారని వాడి ముఖం వెలిగిపోయింది. ఇంటి అప్పు ఇంకా పన్నెండేళ్ళు ఉంది. భోజనాల దగ్గర కాగితం చూపించాడు. మనవడు అన్నం కలుపుకుంటూనే "నాన్నా, ఇందులో గ్యారంటీ ఎంత?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. భోంచేశాక తండ్రీకొడుకులు పెన్నుతో గీతలు కొట్టారు. ఎక్కువలో చాలా భాగం వాటాల రూపంలో, నాలుగేళ్ళలో వచ్చేది. మొదటి ఏడు వాటాలు రావు. బోనసు పైఅధికారి ఇష్టం. ఖాయంగా చేతికొచ్చేది ఇప్పటి జీతం కంటే కొంచెం తక్కువే. చేరేటప్పుడే కొంత ముందుగా ఇవ్వమని మా అబ్బాయి అడిగాడు. కుదరదన్నారు. ఉన్నచోటే ఉండిపోయాడు.

ఆ రాత్రి నేను గిన్నెలు కడుగుతుంటే వాడు పక్కన నిలబడి తుడుస్తూ, "నాన్నా, నా వెల తగ్గినట్టుంది కదా" అన్నాడు. "వెల సంతకు సంబంధించింది రా, నీకు కాదు" అన్నాను. వాడు నవ్వలేదు, ఇంకో గిన్నె అందుకున్నాడు.

ఆ కంపెనీ తర్వాత బాగానే పైకొచ్చిందట. మా అబ్బాయి చేసింది లాభమా నష్టమా అని నేను లెక్క వేయలేదు. నిజం చెప్పాలంటే వేశాను. కానీ ఎవరికీ చెప్పలేదు.

నేను తిరుగు ప్రయాణం కట్టే జూన్ నెలలోనే మినసోటా తన జెఫర్సన్‌ను సంతకు పోనివ్వకుండా నాలుగేళ్ళకు 14 కోట్లిచ్చి కట్టేసుకుంది. అందులో గ్యారంటీ 11 కోట్లు. ఏడాదికి మూడున్నర కోట్లు. 1994లో ఒక జట్టు మొత్తానికి విధించిన కట్ట కంటే ఒక్క మనిషి వేతనం ఎక్కువ. ఈసారి మా మనవడు ముందుగా గ్యారంటీ గడి నింపి, తర్వాతే పెద్ద అంకె రాశాడు.

బెంగళూరు వచ్చాక వాడు ఫోను చేసినప్పుడల్లా ఒక పేరు చెప్పి "ఎంత తాతా?" అంటాడు. నేను వెంటనే అంకె చెప్పడం మానేశాను. పక్కన ఎవరున్నారు, సంతలో ఇంకెవరున్నారు, ఖాయమైనది ఎంత, ఈ మూడూ అడుగుతాను. అప్పటికే వాడికి నిద్రవేళ అవుతుంది. అంకె మరుసటి వారానికి వాయిదా పడుతుంది.